నవ్వెవరిది, వీపెవరిది?

ఆరోగ్యకరమైన హాస్యం అనగానే తెలుగువాళ్ళకి గుర్తొచ్చే పేరు జంధ్యాల. ఆయన సినిమాలు చాలా మా విశాఖలోనే తీశాడు. బూతు లేకుండా ఇంటిల్లిపాదినీ నవ్వించొచ్చని రుజువు చేశాడు. ఆ మేలు మేం కాదనం. కానీ అప్పట్నుంచీ విమర్శకుల చేతిలో ఒకటే తూకపురాయి మిగిలింది. బూతుందా, లేదా? లేకపోతే శుభ్రం.

ఆ తూకం మేం ఒప్పుకోం.

తెలుగు సినిమా సాయిబు ఎలా మాట్లాడతాడు? నిమ్మల్కి, నమ్మల్కి. అందులో ఒక్క బూతు లేదు. సెన్సారు కత్తెరకి దొరికేదేం లేదు. సీతమ్మధార రైతుబజార్లో ఉత్తరాంధ్ర యాసలో కూరలు కొనుక్కునే మాకు ఆ భాష రానే రాదు. అయినా బళ్ళో మా పిల్లాడు నోరు తెరవకముందే పక్కవాడు ఆ యాస అందుకుంటాడు. మావాడూ నవ్వాలి. నవ్వకపోతే, జోకు కూడా పడదా మీకు అంటారు. ఇది శుభ్రమైన నవ్వేనా?

మరి మమ్మల్ని చూసి నవ్వొద్దా? నవ్వండి. 'ది అంగ్రేజ్'లో సలీం ఫేకు కోతలకి మేమూ పడీపడీ నవ్వాం. అక్కడ దక్కనీ ఎగతాళికి తగిలించిన తోక కాదు, మనుషులు బతికే భాష. నవ్వింది అతని కోతలకి, పుట్టుకకి కాదు. పక్కనున్న విజయనగరంలో గురజాడ చేసిందీ ఇదే. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' మాటల దగ్గర మడి కట్టుకోలేదు. అయినా ఆ నవ్వు పిల్లని అమ్ముకునేవాడి మీద పడింది, అమ్ముడుపోయే పిల్ల మీద కాదు.

గీత అక్కడుంది. దెబ్బ తిన్నవాడికి తిరిగి నవ్వే వీలుందా అన్నదీ చూడాలి. మునవర్ ఫారూఖీ 2021 జనవరి 1న ఇండోర్‌లో అరెస్టయ్యాడు. నెల దాటాక సుప్రీంకోర్టు బెయిలిస్తే బయటికొచ్చాడు. 2022 ఆగస్టులో హైదరాబాద్‌లో పోలీసు పహారా మధ్య షో చేశాడు. ఆ షో ఆపుతానని బెదిరించిన గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్, తర్వాత ప్రవక్త మీద వ్యాఖ్యలతో వీడియో వదిలి దాన్ని కామెడీ అన్నాడు. అరెస్టయ్యాడు, పార్టీ సస్పెండ్ చేసింది. కామెడీ అన్న పేరు ఎవరెవరికి ఎలా అక్కరకొస్తుందో చూశాం.

మేం కత్తెర అడగటం లేదు. కత్తెరొస్తే ముందు తెగేది మా నాలుకే. సినిమా రాసేవాళ్ళని అడిగేది ఒకటే. సాయిబు పాత్ర రాశాక, ఆ యాస తీసేసి చదివి చూడండి. నవ్వు మిగిలితే అది హాస్యం. మిగలకపోతే, మీరు నవ్వించింది మా పుట్టుకని చూపించి.