మార్గదర్శక దళాలు: 'ది లాంగెస్ట్ డే'లోని ఒక లెక్క

1944 జూన్ 6 నాటి నార్మండీ దండయాత్రను వర్ణించిన కార్నీలియస్ ర్యాన్ గ్రంథము 'ది లాంగెస్ట్ డే' 1959లో వెలువడినది. అందులో ఒక దృశ్యము పాఠకులు మరువలేనిది. ఫ్రాన్సులోని సెంట్ మేర్ ఎగ్లీజ్ అను చిన్న ఊరు. అర్ధరాత్రి దాటినది. అరువది ఏండ్ల ఉపాధ్యాయురాలు ఒకామె పెరటిలోనికి రాగా, ఆకాశమునుండి పారాచూట్ సైనికుడొకడు ఆమె ఎదుట దిగినాడు. మాటాడవద్దని పెదవులపై వేలుంచి సైగచేసి, చీకటిలో కలిసిపోయినాడు. అతడు మార్గదర్శక దళమువాడు. వెనుక వచ్చు వేలాది సైనికులు ఏ పొలములో దిగవలెనో గుర్తుపెట్టుట అతని దళము పని.

పాల్గొన్నవారి జ్ఞాపకాలను కూర్చి వ్రాయుటచే ర్యాన్ రచనలో భయము, తొందర, సాహసము సజీవంగా కనిపిస్తాయి. ఇది గ్రంథమునకు గొప్ప బలము. అయితే, అమెరికన్ మార్గదర్శకులు 120 మందిలో సరిగా లక్ష్యస్థలములో దిగినవారు 38 మందే అని అందులో ఒక లెక్క ఉన్నది. ఇది చదివినవారు ఆ పద్ధతి విఫలమైనదని తలచుట సహజము. కాని దిగినవారిని లెక్కించుట సరియైన కొలతయేనా?

ఈ దళాల అవసరము అంతకు ముందు సంవత్సరమే తెలిసినది. 1943 జూలైలో సిసిలీపై దిగిన అమెరికన్ పారాచూట్ సైనికులకు ముందు మార్గదర్శకులు లేరు. పెనుగాలి వీచినది, విమానాలు దారితప్పినవి, సైనికులు చెల్లాచెదరైనారు. సెప్టెంబరులో ఇటలీలోని పేస్టం వద్ద మార్గదర్శకులు ముందుగా దిగగా, వెనుక వచ్చినవారిలో అధికులు లక్ష్యమునకు దగ్గరగానే దిగినారు. అయితే ఆ స్థలము స్వపక్షము అధీనములో ఉండెనని మరువరాదు.

వారి ముఖ్యసాధనము 'యురేకా' అను రేడియో పరికరము. విమానములోని 'రెబెక్కా' ఒక స్పందనను పంపుతుంది; నేలపైనున్న యురేకా దానికి బదులిస్తుంది. రేడియో తరంగము సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును గనుక, 10 కిలోమీటర్ల దూరమునకు పోయివచ్చుటకు సెకనులో 15,000వ వంతు పట్టును. ఆ కాలమును కొలిచి దూరము తెలుసుకొంటారు. విమానమునకు ఇరువైపులనున్న ఏరియళ్లలో ఏది ఎక్కువ బలముగా అందుకొన్నదో చూచి దిక్కు తెలుసుకొంటారు. కావున మార్గదర్శకులు ఎందరు సరిగా దిగినా, యురేకా సరియైన చోటికి చేరకున్న ప్రయోజనము లేదు. కొందరే చేరినా, అది అక్కడ పనిచేసిన చాలును.

అదియైనా సగము పనియే. అనేక విమానాలు ఒకేసారి ప్రశ్నించిన యురేకా తట్టుకొనలేదు. అందుచేత గుంపు నాయకుని విమానమే దానిని వినియోగించవలెను. తక్కినవి నాయకుని అనుసరించవలెను. ఆ రాత్రి నార్మండీ తీరమున మేఘాలు కమ్మినవి, విమానవిధ్వంసక ఫిరంగులు ప్రేలినవి, గుంపులు విచ్చిపోయినవి. నాయకునికి తెలిసిన దారి వెనుకవారికి అందలేదు. కొన్ని పొలాలలో శత్రువు సమీపమున ఉండుటచే దీపాలు వెలిగించుటకే వీలులేకపోయినది. మెర్డెరె నది ముంపులో పడి మునిగిపోయినవారు కలరు. కొలత తప్పిన చోట చెల్లించిన మూల్యము ప్రాణాలే.

505వ రెజిమెంటుకు నిర్ణయించిన పొలములో మాత్రము యురేకా పనిచేసినది, దీపాలు వెలిగినవి. ఆరు అమెరికన్ రెజిమెంట్లలో అన్నిటికన్న సరిగా దిగినది అదియే. ఉపాధ్యాయురాలి పెరటిలో దిగిన యువకుడు ఆ రెజిమెంటు మార్గదర్శకుడే! కాని ఆ దృశ్యమునకు, ఈ ఫలితమునకు గల సంబంధమును పాఠకుడే వెదకుకొనవలసి ఉన్నది.

ఈ లోపముచే గ్రంథము విలువ తగ్గదు. విద్యార్థులు దానిని తప్పక చదువదగును. అయితే 120లో 38 అను లెక్క వచ్చినచోట ఉపాధ్యాయుడు వారిని ఆపి, ఆ అంకె దేనిని కొలుచుచున్నది, దేనిని కొలువవలసి ఉండెను అని ప్రశ్నించుట మంచిది.