ట్రక్కులో చోటు లేనివాళ్లు

జాన్ స్టెయిన్‌బెక్ నవల ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ 1939 ఏప్రిల్‌లో వచ్చింది. అమెరికా మహామాంద్యంలో భూమి పోయి, పాత ట్రక్కులో ఓక్లహామా నుంచి కాలిఫోర్నియాకు వలసపోయిన జోడ్ కుటుంబం కథ అది. మాకు ఈ నవలను పరిచయం చేసినవాళ్లు వర్గదృష్టితో చదవమన్నారు. చదివాం. బ్యాంకు, ట్రాక్టరు కలిసి కౌలుదారుని ఎట్లా వెళ్లగొట్టాయో, కావాల్సినదానికన్నా ఎక్కువమందిని కరపత్రాలతో రప్పించి కూలి ఎట్లా తగ్గించారో ఇంత స్పష్టంగా చెప్పిన నవలలు తక్కువే. మా ఇండ్లలో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటితరం మేం. ఆ ఆకలి మాకు కొత్తగాదు. కానీ ఒక ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. ఆ ట్రక్కు ఎక్కనివాళ్లు ఏమయ్యారు?

నవల రావటానికి మూడు నెలల ముందు, 1939 జనవరిలో, మిస్సౌరీ రాష్ట్రం ఆగ్నేయ మూలన వెయ్యిమందికి పైగా జనం 60, 61 నెంబర్ల రహదారుల పక్కన చలిలో పిల్లాజెల్లాతో కూర్చున్నారు. పాలికి పత్తి పండించి, గుడిసెల్లోంచి గెంటివేయబడినవాళ్లు. ఎక్కువమంది నల్లవాళ్లు. తానూ పాలికి చేసిన నల్లజాతి పాస్టరు ఓవెన్ విట్‌ఫీల్డ్ వాళ్లను కూడగట్టాడు. ప్రజారోగ్యం పేరుచెప్పి పోలీసులు కొద్దిరోజుల్లోనే చెదరగొట్టారు. జోడ్‌లు నడిచిన 66వ నెంబరు రోడ్డు ప్రపంచానికి తెలుసు. ఈ రోడ్లు ఎందరికి తెలుసు?

వాళ్లని రోడ్డుకీడ్చింది దుమ్ముతుఫాను కాదు. 1933 వ్యవసాయ చట్టం ధర పెంచటానికి పత్తి సాగు తగ్గించమంది, పరిహారం ఇచ్చింది. ఆ డబ్బు భూస్వామి చేతికి పోయింది. పాలివాళ్లకు వాటా పంచాల్సి వస్తదని భూస్వాములు వాళ్లనే తీసేశారు. 1935లో వచ్చిన సామాజిక భద్రత చట్టం, కార్మిక సంబంధాల చట్టం రెండూ వ్యవసాయకూలీలని, ఇంటిపనివాళ్లని బయటే నిలబెట్టాయి. దక్షిణాదిలో ఆ పనులు చేసేదెవరో చట్టం చేసినవాళ్లకు తెలియదా?

నవలాకారుడు అన్నీ రాయాలా అని అడుగుతారు. రాయనక్కర్లేదు. మా పేచీ ఆయన వదిలేసినదానితో కాదు, సానుభూతిని నిలబెట్టిన పునాదితో. నవలకు ముందు, 1936లో, వలసకూలీల మీద పత్రికలో రాసిన వ్యాసాల్లో ఆయన వాదన ఏమిటి? ఇదివరకు చైనా, జపాన్, మెక్సికో, ఫిలిప్పీన్స్ కూలీలు వచ్చారు, ఇప్పుడొచ్చినవాళ్లు తెల్ల అమెరికన్లు, వీళ్ల మీద ఆ పాత పద్ధతులు సాగవు అని. మరి ముందువాళ్లకు ఆ బతుకు సరిపోయిందనా? ఆ దశాబ్దంలోనే మెక్సికన్లను, అక్కడే పుట్టిన పౌరులతో సహా, లక్షల్లో సరిహద్దు దాటించారు.

1936లో డొరొతియా లాంజ్ తీసిన ‘మైగ్రెంట్ మదర్’ ఫోటోదీ ఇదే కథ. తెల్లపేదల ముఖంగా దేశమంతా చూసిన ఆ తల్లి చెరోకీ ఆదివాసి స్త్రీ. ఆమె ఎవరో లోకానికి తెలిసింది 1978లో.

దీన్ని పరాయిదేశం ముచ్చట అనుకోవద్దు. పాలమూరు కూలీలు దశాబ్దాలపాటు ఊరూరా తిరిగి డ్యాములు కట్టారు, కాల్వలు తవ్వారు. రైతు ఊరు విడిస్తే సంక్షోభమన్నారు. భూమే లేని మాదిగకూలి ఊరు విడిస్తే ఏటా ఉండేదే అన్నారు. ‘రైతు’ అన్న మాటలో మా అమ్మ, మా నాయిన ఎప్పుడున్నరు? నాటేసింది వాళ్లు, కోసింది వాళ్లు. కరువు సాహిత్యంలో దుఃఖం మాత్రం పట్టా ఉన్నాయనది.

జోడ్ కుటుంబాన్ని వద్దనటం లేదు మేం. 1934లో ఆర్కన్సాలో 11 మంది తెల్లవాళ్లు, 7గురు నల్లవాళ్లు ఒకేచోట కూర్చుని కౌలుదార్ల యూనియన్ పెట్టుకున్నారు. వర్గం పేరుతో రంగుని దాచకుండానే కలిశారు. ఈ నవలని క్లాసులో చెప్పే ప్రతి టీచరూ మిస్సౌరీ రోడ్డుని కూడా చెప్పాలి. తెలుగులో కరువు మీద రాసే ప్రతి రచయితా వలసపోయినవాడికి సెంటు భూమైనా ఉండెనా అని ముందు అడగాలి.