అటక మీద సర్వర్, హాల్లో ఆట

ఇంట్లో రాత్రింబవళ్లు ఆగకుండా నడిచే మామూలు కంప్యూటరే హోమ్ సర్వర్. దానికి మానిటర్ ఉండదు, కీబోర్డ్ ఉండదు. అటక మీదో టీవీ వెనకో పడి ఉంటుంది. రౌటర్ నుంచి ఒక కేబుల్, గోడలో ఒక ప్లగ్గు ఉంటే చాలు. ఫొటోలు, సినిమాలు, ఫైళ్లు, పాస్‌వర్డ్‌లు, ఇలా మామూలుగా ఎవరో కంపెనీవాళ్ల క్లౌడ్‌లో ఉండేవాటిని ఆ పెట్టెలో పెట్టుకుని ఇంటిల్లిపాదీ వాడుకోవడాన్ని సెల్ఫ్ హోస్టింగ్ అంటున్నారు. ఈ పనుల్లో గేమ్ స్ట్రీమింగ్ అంత మొండిది మరొకటి లేదు. మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ ఒక గదిలో ఆటను నడుపుతుంది, ఆడే మనిషి ఇంకో గదిలో టీవీ ముందు కంట్రోలర్ పట్టుకుని కూర్చుంటాడు. బొమ్మ అటు నుంచి ఇటు రావాలి, బటన్ నొక్కుడు ఇటు నుంచి అటు పోవాలి. సినిమా అయితే ముందున్న పది సెకన్లు తెచ్చి దాచుకోవచ్చు. నెట్ కాస్త తడబడినా చూసేవాళ్లకు తెలియదు. ఆటలో దాచుకోవడానికేమీ ఉండదు. తర్వాతి బొమ్మ ఎలా ఉండాలో ఆడేవాడి బొటనవేలు ఇంకా తేల్చలేదు.

సెకనుకు 60 బొమ్మలు చూపించే ఆటలో ఒక్కో బొమ్మకు దక్కేది 16.7 మిల్లీసెకన్లు. 1080పి బొమ్మల్ని కుదించకుండా పంపితే సెకనుకు దాదాపు 3 గిగాబిట్లు అవుతాయి. ఇళ్లలో ఉండే గిగాబిట్ లైనులో అవి పట్టవు. అందుకే గ్రాఫిక్స్ కార్డులోని ఎన్‌కోడర్ వాటిని 20 మెగాబిట్లకు, అంటే నూటయాభయ్యో వంతుకు నొక్కి పంపుతుంది. ఎన్విడియా 2012లో కెప్లర్ కార్డులతో ఈ పనికి చిప్‌లోనే ఒక విడి భాగం పెట్టింది. ఇంటెల్ అంతకు ఏడాది ముందే తన ప్రాసెసర్లలో పెట్టింది. గీసే భాగం వేరు, కుదించే భాగం వేరు కాబట్టి ఆట పెద్దగా నెమ్మదించదు. కుదించిన బొమ్మ నెట్‌వర్క్ దాటి, అవతలి పరికరంలో మళ్లీ విచ్చుకుని తెర మీదికి వస్తుంది. ఆ ఆఖరి మెట్టు మీద టీవీ కాసుకుని ఉంటుంది. రంగులకు మెరుగుపెట్టి, కదలికలు నునుపు చేసి చూపించే టీవీ ఆ సింగారానికే ఫ్రేములకు ఫ్రేములు తినేస్తుంది. గేమ్ మోడ్ పెడితే పోయే రోగానికి రౌటర్ మార్చినవాళ్లు తక్కువేం లేరు.

ఇందుకు ఎక్కువమంది వాడే జంట సన్‌షైన్, మూన్‌లైట్. ఆట నడిచే కంప్యూటర్లో సన్‌షైన్ ఉంటుంది. టీవీలో, ఫోన్‌లో, పాత ల్యాప్‌టాప్‌లో మూన్‌లైట్ ఉంటుంది. పుట్టుకలో చంద్రుడే పెద్ద. తన షీల్డ్ పరికరాల కోసం ఎన్విడియా గేమ్‌స్ట్రీమ్ అనే పద్ధతి తెచ్చింది. అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ విద్యార్థులు ఆ పద్ధతి గుట్టు విప్పి, మామూలు ఫోన్లలోనూ పనిచేసేలా లైమ్‌లైట్ అనే యాప్ రాశారు. అదే తర్వాత మూన్‌లైట్ అయింది. అవతలి కొసలో ఎన్విడియా సాఫ్ట్‌వేర్ ఉన్నచోట పెట్టుకోవడానికి, ఏఎండీ, ఇంటెల్ చిప్‌లతోనూ నడిచేలా, ఎవరైనా కోడ్ చూసుకోగలిగేలా సన్‌షైన్ వచ్చింది.

దాని విలువ ఒక్క చలికాలంలో తెలిసొచ్చింది. గేమ్‌స్ట్రీమ్‌ను ఎత్తేస్తున్నట్టు ఎన్విడియా 2022 డిసెంబర్‌లో చెప్పింది. గూగుల్ 2019 నవంబర్‌లో ఆర్భాటంగా తెరిచిన స్టేడియాను 2023 జనవరి 18న మూసేసింది. స్టేడియాలో ఆటలు కొన్నవాళ్లకు డబ్బులైతే తిరిగొచ్చాయి, ఆడుకునే చోటు మాత్రం పోయింది. గేమ్‌స్ట్రీమ్ వాడినవాళ్లు సన్‌షైన్ ఎక్కించుకున్నారు. టీవీలో ఉన్న మూన్‌లైట్‌ను మార్చే పని కూడా పడలేదు.

పెట్టుకోవడం తేలికే. టీవీ మీద నాలుగంకెల పిన్ వస్తుంది, దాన్ని సన్‌షైన్ పేజీలో కొడితే రెండింటికీ పరిచయం కుదురుతుంది. కారు రేసు మొదలవుతుంది. మొదటి మలుపు దాకా అంతా బాగానే ఉంటుంది. వంటింట్లో మైక్రోవేవ్ తిరగడం మొదలుకాగానే బొమ్మ ముక్కలు ముక్కలవుతుంది, స్టీరింగ్ ఇటు తిప్పిన ఎంతసేపటికో కారు అటు తిరుగుతుంది, తిరిగేలోపే గోడను గుద్దుతుంది. ల్యాప్‌టాప్‌లో ఆడుతుంటే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్‌లతో కలిపి ఎస్ నొక్కితే తెర మూలన అంకెలు కనిపిస్తాయి: నెట్‌వర్క్‌లో ఎంత ఆలస్యం, డీకోడ్‌కు ఎంత, ఎన్ని ఫ్రేములు దారిలో పోయాయి. డీకోడ్ అంకె నిలకడగా ఉండి, నెట్‌వర్క్ అంకె 3 నుంచి 80కి ఎగిరి మళ్లీ 5కి పడుతుంటే దోషం వై-ఫైదే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఇంటర్నెట్ ప్లాన్ పెంచుకోవడం. ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లే ప్యాకెట్ ఇల్లు దాటదు. ప్లాన్ వంద అయినా వెయ్యి అయినా దానికి ఒకటే. తేడా చేసేది గాలిలో రద్దీ. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదాన్నొకటి రాసుకోని చానళ్లు 1, 6, 11 మూడే. ఒక్క అపార్ట్‌మెంట్‌లో ఇరవై రౌటర్లు ఆ మూడింటి కోసం కొట్టుకుంటుంటాయి, వాటి మధ్యలో మైక్రోవేవ్ ఒకటి. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ గానీ కాంక్రీటు గోడ దాటేసరికి దాని ఊపిరి అయిపోతుంది. ఆట నడిచే కంప్యూటర్‌కైనా కేబుల్ లాగితే సగం బాధ తీరుతుంది. పాత కేబుల్ టీవీ వైరు కోసం గోడలో వేసిన పైపులోంచి క్యాట్ 6 కేబుల్ లాగించుకుంటే మొత్తం తీరుతుంది.

మానిటర్ లేని కంప్యూటర్‌తో ఇంకో చిక్కుంది. చూసే తెర లేనప్పుడు గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీయడానికే మొరాయించవచ్చు. హెచ్‌డీఎంఐ రంధ్రంలో బొటనవేలంత డమ్మీ ప్లగ్గు గుచ్చితే తెర ఉందనుకుని గీస్తుంది. కరెంటు లెక్క వేరే. ఊరికే ఉన్నా 60 వాట్లు తాగే గేమింగ్ కంప్యూటర్‌ను నెలంతా ఆన్‌లో ఉంచితే 43 యూనిట్లు. 10 వాట్ల మినీ పీసీకి ఏడు యూనిట్లు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంటి కరెంటు రేటు స్లాబులవారీగా పెరుగుతుంది గనక ఈ తేడా బిల్లులో బాగానే కనిపిస్తుంది. అందుకని చిన్నది మెలకువగా ఉంటుంది, పెద్దది పడుకుంటుంది. ఆట కావాల్సినప్పుడు చిన్నది పెద్దదాన్ని లేపుతుంది. ఆ పిలుపు పేరు మ్యాజిక్ ప్యాకెట్, దాని సారం 102 బైట్లు: ముందు ఆరు బైట్లు కేక, ఆ తర్వాత నిద్రపోతున్న కంప్యూటర్ మ్యాక్ అడ్రస్ పదహారుసార్లు.

ఇల్లు దాటి ఆడాలంటే సంగతి మారుతుంది. మన దేశంలో చాలా కనెక్షన్లకు సొంత ఐపీ అడ్రస్ ఇవ్వరు. వందల ఇళ్లు ఒకే అడ్రస్ వెనక ఉంటాయి. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ 100.64కూ 100.127కూ మధ్య ఉంటే ఆ ఇల్లు అలాంటి వరసలోదే, పోర్ట్ ఫార్వర్డింగ్‌తో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి మీద కట్టిన టెయిల్‌స్కేల్ వంటివి లోపలి నుంచి బయటికి దారి చేసుకుంటాయి. తమాషా ఏమిటంటే టెయిల్‌స్కేల్ తన పరికరాలకు ఇచ్చే అడ్రసులు కూడా ఆ 100 వరసలోవే. ఐపీ దొరికినవాళ్లు సైతం సన్‌షైన్ సెట్టింగుల పేజీని నేరుగా బయటి ప్రపంచానికి తెరవకూడదు. అది తాళంచెవి గుమ్మానికే తగిలించడం.

దూరానికి మందు లేదు. ఫైబర్‌లో వెలుతురు మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి విశాఖకు పోయిరావడం లెక్కప్రకారం ఐదారు మిల్లీసెకన్లు, అసలు దారి వంకరే కాబట్టి ఇంకాస్త. సుమారు 14 వేల కిలోమీటర్ల అవతల డాలస్‌లో ఉన్న కొడుకు ఇక్కడి కంప్యూటర్‌లో రేసు ఆడాలంటే రానుపోను 140కి తగ్గదు, అంటే ఎనిమిది బొమ్మల వెనకబాటు. చదరంగానికి పర్వాలేదు.

అదే కొడుకు అమ్మ తీసిన ఫొటోలు చూడ్డానికి ఆ 140 అడ్డే కాదు. మిగతా సర్వీసులన్నీ ఈ కోవవే, ఓపిక ఉన్నవి. ఫొటోలకు ఇమ్మిచ్, గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1 నుంచి పరిమితి లేని ఉచిత నిల్వ ఆపేశాక ఇలాంటివాటి అవసరం పెరిగింది. సినిమాలకు జెల్లీఫిన్, ఎంబీ అనే మీడియా సర్వర్ తన కోడ్‌ను మూసేసుకున్నప్పుడు 2018 డిసెంబర్‌లో దాన్నుంచి చీలి వచ్చింది. ఫైళ్లకు నెక్స్ట్‌క్లౌడ్. ప్రకటనలు ఆపే పై-హోల్‌తో మాత్రం జాగ్రత్త: ఇంట్లో ప్రతి ఫోనూ అడ్రసులు అడిగేది దాన్నే కనుక అది పడిపోతే అందరి దృష్టిలో ‘నెట్ పోయింది’. పాస్‌వర్డ్‌ల పెట్టెను అన్నిటికన్నా చివర, బ్యాకప్ కుదిరాకే పెట్టుకోవాలి. రెండు డిస్కుల్లో ఒకే సమాచారం ఉంచే రెయిడ్ బ్యాకప్ కాదు. పొరపాటున చెరిపేసిన ఫొటో రెండింట్లోనూ ఒకే క్షణాన చెరిగిపోతుంది. వేరే ఊళ్లో, చుట్టాలింట్లో ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు ఉండాలి, ఏడాదికోసారైనా దాన్నుంచి కొన్ని ఫొటోలు వెనక్కి తెచ్చి చూడాలి.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ అందుకునేలోపు మినీ పీసీ ఆరిపోవచ్చు, చిన్న యూపీఎస్ ఒకటి రౌటర్‌కూ దీనికీ కలిపి పెడితే ఆ బాధ ఉండదు. యూపీఎస్ కూడా చేతులెత్తేసిన రోజు కోసం బయోస్‌లో, కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ ఒకటుంటుంది. చాలా పీసీల్లో అది ఆఫ్‌లో ఉండి వస్తుంది. దాన్ని మార్చకుండా ఊరెళ్తే, అటక ఎక్కి బటన్ నొక్కమని పక్కింటివాళ్లను బతిమాలుకోవాలి.