ఎన్నిక: లెక్కింపు, విచారణ – తెలుగు పలుకుబడిలో ఓటరు కర్తృత్వం

ప్రవేశిక

'ఎన్ను' అనే తెలుగు క్రియకు రెండు ప్రధానార్థాలున్నాయి. లెక్కపెట్టడం ఒకటి, తలపోయడం లేదా గుణదోషాలు విచారించడం మరొకటి. 'ఎన్నదగిన', 'ఎన్నరాని', 'తప్పులెన్నడం' వంటి ప్రయోగాలలో రెండో అర్థం ఇప్పటికీ సజీవంగా ఉంది. ఈ ధాతువు నుంచి ఏర్పడిన 'ఎన్నిక' అనే మాటే ఆధునిక ప్రజాస్వామ్య ప్రక్రియకు పేరైంది. ఓటరు ముందు విచారించాలి, ఆ తరువాత ఓట్లు లెక్కించాలి అనే క్రమం ఈ ఒక్క పదంలో ఇమిడి ఉందని చెప్పవచ్చు. నిత్యవ్యవహారంలో మాత్రం లెక్క విచారణను మింగివేసినట్టు కనిపిస్తుంది. ఎటువైపు ఎక్కువమంది ఉన్నారో ముందే లెక్కగట్టి అటు చేరడమే తెలివిగా చెలామణి అవుతున్నది.

ఓటరు మందను అనుసరిస్తాడా, తన బుద్ధితో నిర్ణయిస్తాడా అన్న ప్రశ్నను ఈ వ్యాసం భాష వైపు నుంచి పరిశీలిస్తుంది. ఓటర్లను గొర్రెలతో పోల్చడం మన రాజకీయ వ్యంగ్యానికి బాగా అలవాటైన ఉపమానం. అది ఎంతవరకు న్యాయమైనదో తేల్చడం ఇక్కడి ముఖ్యోద్దేశం.

క్రియారూపాలలో ఓటరు

'ఓటు వేయు' అన్నప్పుడు క్రియ సకర్మకం, కర్త ఓటరు. ఫలితాలు చెప్పే భాషలో ఇదే 'ఓట్లు పడ్డాయి' అని అకర్మకంగా మారుతుంది. వాన పడినట్టు, పిడుగు పడినట్టు ఓట్లు పడతాయి. వేసిన మనిషి వాక్యంలో కనిపించడు. 'ఓట్లు రాలాయి' అన్నప్పుడు ఓటరు చెట్టవుతాడు. 'ఫలానా పెద్దమనిషి ఊరి ఓట్లన్నీ వేయించాడు' అనే ప్రేరణార్థకంలో ఓటరు ప్రయోజ్యకర్త స్థానానికి దిగిపోతాడు. నిర్ణయం ప్రేరకుడిది, చేయి మాత్రం ఓటరుది. 'ఓట్లు చీలాయి' అనడంలో వేరువేరుగా ఆలోచించడమే నష్టంగా ధ్వనిస్తుంది. అన్నిటికంటె బలమైన ప్రయోగం 'ఓటు మురిగిపోయింది' అన్నది. ఓడిపోయే అభ్యర్థికి వేసిన ఓటు మురిగిన ఓటని దీని భావం. గెలుపును ముందే ఊహించి దానితో కలవనివాడు తన హక్కును పాడుచేసుకొన్నాడని ఈ మాట తీర్పు చెబుతున్నది.

ఓటింగు పద్ధతి చరిత్ర దీనికి భిన్నమైన చిత్రాన్నిస్తుంది. 1951–52 నాటి తొలి సార్వత్రిక ఎన్నికలలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె ఉండేది. ఓటరు తన కాగితాన్ని నచ్చిన గుర్తు ఉన్న పెట్టెలో వేసేవాడు. 'వేయు' అనే క్రియ అప్పుడు అక్షరాలా నిజం. తరువాత ముద్ర గుద్దే పద్ధతి వచ్చింది. 2004 నాటికి లోక్‌సభ ఎన్నికలన్నిటా మీట నొక్కే యంత్రం వచ్చింది. చేతి పని మారినా ఒక్కటి మారలేదు: ఆ చాటుకు వెళ్ళేది ఎప్పుడూ ఒక్క మనిషే. పద్ధతి ఓటరును ఏకవచనంగా నిలుపుతుండగా, పలుకుబడి అతన్ని బహువచనంలో కలిపివేస్తున్నది.

సామెతలు: ఉలిపికట్టె సమస్య

'ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి' అనే సామెత వేరుదారి పట్టినవాణ్ణి ఎగతాళి చేస్తుంది. 'నలుగురితో నారాయణా' అనేది నలుగురిలో కలిసిపొమ్మంటుంది. మరోవైపు 'గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుంది' అని హెచ్చరించే సామెతా, 'గొర్రెదాటు' అనే నిందావాచకమూ మనకున్నాయి. కనుక లోకోక్తులు గుంపు పక్షాన ఉన్నాయని గాని, వ్యక్తి పక్షాన ఉన్నాయని గాని తేల్చడం సరికాదు. అవి ఏ సందర్భానికి పుట్టాయో చూడాలి.

చెరువు పూడిక తీయడానికీ, కాలువ నీరు పంచుకోవడానికీ ఊరంతా కలవక తప్పని వ్యవసాయ సమాజంలో ఉలిపికట్టె నిజంగానే నష్టం కలిగించగలడు. చివరికి పాడె మోయడానికీ నలుగురు కావాలి. 'నలుగురు ఏమనుకుంటారు' అనే భయానికి ఇంత భౌతికమైన పునాది ఉంది. అందువల్ల దాన్ని అజ్ఞానమని కొట్టివేయడానికి వీలులేదు. అయితే ఈ విజ్ఞత అందరి కళ్ళముందు జరిగే ఉమ్మడి పనికి సంబంధించినది. రహస్య ఓటు ఉలిపికట్టెను ఎవరికీ కనబడనీయదు. ఊరితో సఖ్యత చెడకుండానే ఊరితో విభేదించే అవకాశం సామాన్యుడికి అక్కడ దొరికింది. సామెత మాత్రం తన సందర్భం దాటి ఆ చాటులోకి కూడా వెంటవస్తున్నది.

'గాలి' అనే రూపకం

ఎన్నికల విశ్లేషణలో 'గాలి', 'ప్రభంజనం' అనే రూపకాలు తరచు వినిపిస్తాయి. 1982 మార్చి 29న ఏర్పడిన తెలుగుదేశం పార్టీ 1983 జనవరి శాసనసభ ఎన్నికలలో 294 స్థానాలకు గాను 200కు పైగా గెలుచుకోవడాన్ని ప్రభంజనమనే వర్ణిస్తారు. గాలి వీస్తే చెట్లు వంగుతాయి. చెట్లకు కారణాలు ఉండవు. రూపకంలోని ఈ లోపం రెండు ఉదాహరణలలో స్పష్టమవుతుంది.

1977లో ఉత్తరాదిన కాంగ్రెస్ ఘోరంగా ఓడిపోగా, ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాలలో 41 ఆ పార్టీకే దక్కాయి. మిగిలిన ఒక్క నంద్యాలలో జనతా పార్టీ అభ్యర్థిగా నీలం సంజీవరెడ్డి గెలిచాడు. నంద్యాల ఓటర్లు గాలికి ఎదురు నిలిచారా, గాలివాటున పోయారా? రాష్ట్రాన్ని కొలతగా తీసుకొంటే మొదటిది, దేశాన్ని తీసుకొంటే రెండోది నిజమవుతుంది. 1984లో దేశమంతటా కాంగ్రెస్ 400కు పైగా స్థానాలు గెలిచినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం 30 స్థానాలు సాధించింది. ఇందువల్ల ప్రతి ఓటరూ స్వతంత్రంగా ఆలోచించాడని రుజువు కాదు. గాలి అనే మాట ఫలితాన్ని వర్ణిస్తుందే గాని కారణాన్ని వివరించదని మాత్రం రుజువవుతుంది. అధికసంఖ్యాకులతో కలిసినంత మాత్రాన ఆలోచన లేనట్టు కాదు. విడిపోయినంత మాత్రాన ఉన్నట్టూ కాదు.

గుంపు, సమూహం

1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీపడ్డారు. ఫ్లోరైడ్ నీటి సమస్యను దేశం దృష్టికి తేవడానికి పెద్దసంఖ్యలో నామినేషన్లు పడటం దీనికి కారణం. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. 2019లో నిజామాబాద్‌లో 185 మంది రంగంలో నిలిచారు. వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్నలకు గిట్టుబాటు ధర కోరిన రైతులు. గెలుపు లెక్కతో చూస్తే ఈ అభ్యర్థులకు వేసిన ఓట్లన్నీ మురిగినవే. కాని అక్కడ ఓటు అనే పనికి కొత్త అర్థం వచ్చింది. అది ఒక అర్జీగా, సాక్ష్యంగా మారింది.

విమర్శకు ఈ సంఘటనలు ముఖ్యమైనవి. ఇక్కడ వందలమంది కలిసి ఒకే పని చేశారు, అయినా దాన్ని గొర్రెదాటు అనలేము. కారణం తెలిసి, దాన్ని ఒకరికొకరు చెప్పుకొని కలిసినది సమూహం. కారణం అడగకుండా కలిసినది గుంపు. విభజనరేఖ ఒంటరితనానికీ కలయికకూ మధ్య గాక, హేతువు ఉండటానికీ లేకపోవడానికీ మధ్య గీయాలి.

సాహిత్యం చూపే నమూనా

ఈ హేతువును గుర్తుచేసే కథాచట్రం మనకు బేతాళ కథలలో ఉంది. ముళ్ళపూడి వెంకటరమణ 'రాజకీయ బేతాళ పంచవింశతి'లో ఆ చట్రాన్ని సమకాలీన వ్యంగ్యానికి వాడుకోవడం యాదృచ్ఛికమని తోచదు. శ్మశానంలో విక్రమార్కుడు ఒంటరి. సభ లేదు, వంతపాడే మంత్రులు లేరు. సమాధానం తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. పైగా చెప్పిన తీర్పుకు కారణం చూపాలి. ఓటరుకు ఆ ఏకాంతం ఉంది గాని కారణం చెప్పే బాధ్యత లేదు. అడిగే బేతాళుడు లేడు. ఆ అడిగే పనిని సాహిత్యం చేయగలదు. ఓటరును గొర్రె అని తిట్టే రచన బేతాళ ప్రశ్న వేయదు. చదువరిని మందకు వెలుపల నిలబెట్టి మెప్పిస్తుంది, ఆ మెప్పులో ఇంకొక మందను తయారుచేస్తుంది.

కాళోజీ నారాయణరావు ఇందుకు భిన్నమైన ఉదాహరణ. 'నా గొడవ' అనే శీర్షికలో సర్వనామం ఏకవచనం. 'గొడవ'లో తగవుతోపాటు పట్టింపు, ఆరాటం కూడా ఉన్నాయి. తన నోటితో అందరి ఆరాటం పలకడమే ఆయన కవిత్వ మార్గం. సత్తుపల్లిలో జలగం వెంగళరావు వంటి బలమైన నాయకుడిపై పోటీచేసి ఆయన ఓడిపోయాడు. గెలుపు లెక్క ముందే తెలిసిన చోట నిలబడటం 'మురిగిపోవడం' అనే పలుకుబడిని ఆచరణలో తిరస్కరించడమే.

ఉపసంహారం

తెలుగు ఎన్నికల పలుకుబడి ఓటరు కర్తృత్వాన్ని అకర్మక క్రియలలో, ప్రేరణార్థకాలలో, ప్రకృతి రూపకాలలో కరిగిస్తున్నది. వ్యంగ్యం దాన్ని గొర్రె ఉపమానంతో మరింత తగ్గిస్తున్నది. స్వతంత్రాలోచనను గుంపు నుంచి వేరుపడటంగా నిర్వచించడం వల్ల నల్లగొండ, నిజామాబాద్ వంటి అనుభవాలు మన విమర్శ చూపుకు అందకుండా పోతాయి. దాన్ని కారణం చెప్పగలిగే శక్తిగా నిర్వచిస్తే అందుతాయి. రాజకీయ రచనను పరిశీలించేటప్పుడు అది ఓటరును ఏ వాక్యంలో కర్తగా నిలిపింది, ఏ వాక్యంలో తొలగించింది అనే ప్రశ్న ఉపయోగకరమైన కొలమానం కాగలదు. 'ఎన్నిక' అనే మాటలో మరుగునపడిన విచారణను వెలికితీసే పని అక్కడినుంచే మొదలుకావాలి.