బతకడమే నేరమా?

థాండో మ్గొలొజానా 2009లో రాసిన ‘ఎ మాన్ హూ ఈజ్ నాట్ ఎ మాన్’ అనే ఇంగ్లీషు నవల చదివాను. దక్షిణాఫ్రికా ఖోసాల కథ. అక్కడ కుర్రాడు మగాడనిపించుకోవాలంటే ఊరవతల గుడిసెలో, మత్తుమందు లేకుండా సున్తీ చేయించుకోవాలి. ఆడవాళ్లు అటు వెళ్లరాదు. లోపలి సంగతులు బయటికి పొక్కరాదు. కట్టు మరీ బిగిసి రక్తం ఆడకో, తాగడానికి నీళ్లివ్వకో, పుండు చీముపట్టో ప్రాణాలు పోతుంటాయి.

కథానాయకుడు లుమ్కిలే ఆసుపత్రికి చేరి బతికాడు. అదే అతని నేరం! ఊరి లెక్కలో అతనిక మగాడు కాడు. అక్కడక్కడ ఉపన్యాస ధోరణి ఉన్నా, ఆచారాన్ని వెక్కిరించకుండా, పిల్లవాణ్ణి పట్టించుకోని పెద్దల్నే నిలదీయడం నాకు నచ్చింది. కత్తికన్నా సిగ్గే ఎక్కువ ప్రాణాంతకమని తేలుతుంది. బతికొచ్చినవాణ్ణి వెలివేస్తే, రేపు ఏ తల్లి కొడుకు ఆసుపత్రి గడప తొక్కుతాడండీ?