తారుమారు మాటలు - యంత్రపు లెక్క

ఒక మాటలోని అక్షరాలను అటునిటు మార్చి మరొక మాటను రాబట్టుట పిల్లలకూ పెద్దలకూ ఇష్టమైన వినోదము. 'కలప' తారుమారైతే 'పలక' అగును. 'నవల' నుండి 'వలన' వచ్చును. ఈ పనిని కంప్యూటరుచేత చేయించుటకు చక్కని ఉపాయమొకటి కలదు. నిఘంటువు ఫైలులోని ప్రతి పదపు అక్షరాలను అకారాది క్రమంలో పేర్చినచో ఆ పదానికి ఒక తాళపుచెవి ఏర్పడును. 'కలప'కూ 'పలక'కూ అది ఒక్కటే: క, ప, ల. ఒకే తాళపుచెవి గల పదాలను ఒకచోట చేర్చిన చాలును. 1986లో జాన్ బెంట్లీ 'ప్రోగ్రామింగ్ పెరల్స్' అను గ్రంథములో ఈ పద్ధతిని విశదీకరించెను. పది వేర్వేరు అక్షరాల మాటకు 36,28,800 అమరికలను ఒక్కొక్కటిగా వెదకు శ్రమ దీనితో తప్పును.

ఇంగ్లీషుకు ఇది మేలైన పద్ధతియే. దానిని యథాతథముగా తెలుగునకు తగిలించుట మాత్రము విమర్శకు నిలువదు. అట్టి ప్రోగ్రాము చూచునది మన అక్షరమును కాదు, యూనికోడు సంకేతమును. 'పాము' మనకు రెండక్షరాలు. యంత్రమునకు ప, ఆకారపు గుర్తు, మ, ఉకారపు గుర్తు అని నాలుగు. 'మాపు'లోనూ ఆ నాలుగే. కనుక అది పామును మాపుతో జతకట్టును! 'పా', 'ము' అను అక్షరాలు మాపులో ఎక్కడున్నవి?

మన జిల్లాల పేర్లనే పరీక్షింపుడు. జనగామలో అక్షరాలు 4, సంకేతాలు 5. మహబూబాబాద్‌లో చివరి పొల్లుతో కలిపి అక్షరాలు 6, సంకేతాలు 10. భూపాలపల్లిలో అక్షరాలు 5, సంకేతాలు 10. భూపాలపల్లి అక్షరాలను 120 విధాల పేర్చవచ్చును. సంకేతాలనైతే 3,02,400 విధాల. వీటిలో 1,20,960 అమరికలు గుణింతపు గుర్తుతోనో పొల్లు గుర్తుతోనో మొదలగును. వాటిని పలుకుటయే అసాధ్యము.

హల్లును దాని ఒత్తులతో, గుణింతముతో, సున్నతో కలిపి ఒక ముక్కగా విడదీసి, ఆ ముక్కలనే పేర్చుట దీనికి విరుగుడు. 2023లో వెలువడిన యూనికోడు 15.1 నియమాలు కూడ తెలుగు సంయుక్తాక్షరాన్ని విడదీయరాని ముక్కగా గుర్తించినవి.

నిఘంటువు ఎన్నికలోనూ జాగ్రత్త వలయును. 1852 నాటి బ్రౌను నిఘంటువు వంటి వాటిలో 'కలము' వంటి ముకారాంత రూపాలుండును, అందు మూడక్షరాలు. నేటి 'కలం'లో రెండే.

ఆటయే కదా అని దీనిని ఉపేక్షింపరాదు. పదాలను వెదకుటలో, అక్షరాలను లెక్కించుటలో కూడ ఈ పొరపాటే దొరలును. యంత్రము తప్పు చెప్పినపుడు బడిపిల్లవాడు తన వర్ణమాలనే శంకించు స్థితి రాకూడదు. ముందు యంత్రమునకు మన గుణింతము నేర్పవలెను. నిఘంటువును తరువాత చేతికీయవచ్చును.