కంటికి ఆనని పొట్టు

హై వికమ్ అనే ఊరు ఇంగ్లండ్‌లో కుర్చీలకు పేరు. చుట్టూ చిల్టర్న్ కొండల్లో పెరిగే బీచ్ కలపను నమ్ముకుని తరాలుగా విండ్సర్ కుర్చీలు చేసి బతికింది. 1960లలో అక్కడ చెవి, ముక్కు, గొంతు వ్యాధులకు శస్త్రవైద్యురాలిగా పనిచేస్తున్న ఎస్మీ హ్యాడ్‌ఫీల్డ్‌కు ఒక అనుమానం వచ్చింది. ముక్కు లోపలి గదుల్లో అరుదుగా పుట్టే అడినోకార్సినోమా అనే కేన్సర్‌తో తన దగ్గరికి వస్తున్నవాళ్ళు ఎక్కువగా ఫర్నిచర్ కార్ఖానాల పనివాళ్ళే. ఆమె, తోటి పరిశోధకులు ఆ కేసులన్నీ పోగుచేసి 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. 1995లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ చెక్క ధూళిని మనుషుల్లో కేన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు పొగ, ఆస్బెస్టాస్ ఉన్నదీ ఆ వర్గంలోనే. వర్గం ఒకటైతే ప్రమాదం కూడా సమానమని కాదు, రుజువు అంత గట్టిదని అర్థం.

కార్ఖానాలకు చట్టం వచ్చింది, తనిఖీ వచ్చింది. బ్రిటన్‌లో 2020 నుంచి గట్టి కలప ధూళి ఘనపు మీటరు గాలిలో మూడు మిల్లీగ్రాములు మించకూడదు. అమెరికాలో పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం చాలా రకాల కలపకు ఒక్క మిల్లీగ్రామే సిఫారసు చేస్తుంది. మరి ఇంటి గరాజ్‌ని తనిఖీ చేసేదెవరు?

అమెరికాలో కారు కోసం కట్టిన గరాజ్‌లో కారొక్కటే ఉండదు. అది ఎండకీ మంచుకీ బయట నిలబడితే, లోపల టేబుల్ సా, ప్లేనర్, బ్యాండ్ సా వంటి వడ్రంగి యంత్రాలు కొలువుతీరి ఉంటాయి. వారమంతా ఆఫీసులో పనిచేసి శని, ఆదివారాల్లో వడ్రంగం చేసే సంప్రదాయం అక్కడ బలమైనది. డాలస్, అట్లాంటా శివార్లలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ళలోనూ అది కొందరికి అంటుకుంది. పూజ మందిరంతో మొదలుపెట్టి డైనింగ్ టేబుల్ దాకా వెళ్తారు. ఈ గరాజ్ వడ్రంగుల్లో ఒక ఉపవిద్య పెరిగింది. అదే దుమ్ము పట్టడం. చూడ్డానికి ఇది ఊడ్పుపని తమ్ముడిలా ఉంటుంది గానీ నిజానికి గాలిని నడిపే పని. ఆ తేడా పట్టుబడేదాకా ఎంత ఖరీదైన యంత్రం కొన్నా డబ్బు దండగే.

లెక్క వేసి చూడండి. ఇరవై అడుగుల పొడవు, ఇరవై వెడల్పు, ఎనిమిది ఎత్తు ఉన్న గరాజ్‌లో పట్టే గాలి సుమారు తొంభై ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు ఒక్క మిల్లీగ్రాము అనే హద్దును అందుకోవడానికి మొత్తం గదికి కావలసిన ధూళి తొంభై మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పు దానికంటే ఎక్కువ తూగుతుంది. ఒక పలకను యంత్రంతో ఇసుకకాగితం పడితే రాలేది గ్రాముల్లో ఉంటుంది. అందులో వందకు తొంభై తొమ్మిది పాళ్ళు పట్టుకున్నా మిగిలినది ఆలోచించాల్సినదే. హద్దు ఎనిమిది గంటల సగటుకు చెప్పింది కాబట్టి ఒక్క సాయంత్రానికి భయపడక్కర్లేదు. కానీ రాలిన ధూళి రాలినచోటే ఉండి, అడుగు వేసినప్పుడల్లా మళ్ళీ లేస్తే ప్రతి సాయంత్రమూ లెక్కలోకి వస్తుంది.

రేణువులన్నీ ఒకే చోటికి పోవు. పెద్దవి ముక్కులోనే ఆగిపోతాయి, హై వికమ్ కథ వాటిది. పది మైక్రాన్లకు లోపువి గొంతు దాటుతాయి, ఇంకా సన్నవి ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్తాయి. కదలని గాలిలో పది మైక్రాన్ల రేణువు తలెత్తు నుంచి నేలకు దిగడానికి పావుగంటలోపే పడుతుంది. ఒక మైక్రాన్ రేణువుకు సగం రోజుపైనే. యంత్రం ఆపగానే మాస్కు తీసేసి హాయిగా ఊపిరి పీల్చుకునేవాడు అసలు ధూళిని అప్పుడే పీలుస్తున్నాడు. దీనికి కలప స్వభావం తోడు. వెస్టర్న్ రెడ్ సెడార్‌లో ఉండే ప్లికాటిక్ ఆమ్లం కొందరికి ఉబ్బసం తెప్పిస్తుంది. మన జిట్టేగి జాతి కలప ధూళి చర్మాన్ని దద్దుర్లెక్కిస్తుంది. టేకు కూడా అందరికీ పడదు.

ఈ విద్యలో కొత్తగా దిగినవాళ్ళు మొదట కొనేది వాక్యూమ్ క్లీనర్ పెద్దన్నలాంటి షాప్ వాక్. దాని లాగుడు బలం చాలా ఎక్కువ, నీటి మట్టంతో కొలిస్తే ఎనభై అంగుళాల దరిదాపు. కానీ నిమిషానికి లాగే గాలి వంద ఘనపుటడుగుల చుట్టుపక్కలే. డస్ట్ కలెక్టర్ దీనికి తిరగబడి ఉంటుంది. లాగుడు పది అంగుళాలే, గాలి మాత్రం వందల కొద్దీ. మొదటిది లోతు నుంచి సన్నధారగా తోడే బోరుబావి, రెండోది వాలు పెద్దగా లేకున్నా నిండుగా పారే కాలువ. చేతిలో పట్టే శాండర్, రూటర్ వంటివాటికి సన్న గొట్టం సరిపోతుంది కాబట్టి వాక్ కావాలి. టేబుల్ సా, ప్లేనర్ చుట్టూ ఉన్న గాలినంతా కదిలించాలి కాబట్టి కలెక్టర్ కావాలి. ఒకదాని పని రెండోది చేయలేదు.

కలెక్టర్ అమ్మేవాళ్ళు రాసే అంకెను నమ్మకూడదు. ఆ గాలి చాలాసార్లు పైపు బిగించకుండా ఫ్యాన్ నోటి దగ్గర కొలిచినది. పైపులు, వంపులు, ఫిల్టరు బిగించాక అందులో సగం అందినా సంతోషించాలి. ఈ సంగతిని గట్టిగా చాటినవాళ్ళలో బిల్ పెంట్జ్ ముఖ్యుడు. గాలిని సుళ్ళు తిప్పి పొట్టును విడదీసే సైక్లోన్ యంత్రం, అదీ మంచి పేరున్నది, పెట్టుకుని కూడా ధూళి వల్ల జబ్బుపడి, ఎందుకిలా అయిందని తన వర్క్‌షాపులో గాలిని కొలవడం మొదలుపెట్టాడు. సన్న ధూళి దొరకాలంటే ఒక్కో పెద్ద యంత్రం దగ్గర నిమిషానికి వెయ్యి ఘనపుటడుగుల దాకా గాలి కదలాలని తేల్చి, తన సైక్లోన్ నమూనాను ఎవరైనా చేసుకోమని ఉచితంగా పంచాడు. అంత గాలి నిజంగా అవసరమా అని వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నా మటుకు వాదన కంటే కొలత మేలు. పీఎం 2.5 చూపే చిన్న మీటర్లు ఇప్పుడు ఇళ్ళలోకే వచ్చాయి. ఒకటి కొని బెంచీ పక్కన పెట్టుకుంటే మనకు ఎంత గాలి చాలునో అదే చెబుతుంది.

సైక్లోన్ పాత యంత్రమే. 19వ శతాబ్ది చివరికే అమెరికా మిల్లుల్లో ధూళిని విడదీసే పనికి కుదురుకుంది. శంకువు ఆకారపు డొల్లలోకి గాలి పక్కనుంచి దూసుకొచ్చి సుళ్ళు తిరుగుతుంది. బరువైన పొట్టు అంచుకు విసిరినట్టు పోయి, గోడ వెంట జారి కింది డ్రమ్ములో పడుతుంది. తేలికైన గాలి నడిమి గొట్టం గుండా పైకి, ఫ్యాన్ వైపు పోతుంది. ఒక రంపపు మిల్లులో దీన్ని చూసే జేమ్స్ డైసన్‌కు సంచీ లేని వాక్యూమ్ క్లీనర్ ఆలోచన తట్టింది. అది కుదరడానికి 5,127 నమూనాలు పట్టాయి. గరాజ్ వడ్రంగికి అంత తిప్పలు లేవు. ఫిల్ థీన్ అనే మరో ఔత్సాహికుడు చెత్త డబ్బా మూత కింద బిగించే పలక ఒకటి కనిపెట్టాడు. పలక అంచున వృత్తంలో మూడింట రెండొంతుల మేర అంగుళంపైన వెడల్పుతో ఒక చీలిక, అంతే. సైక్లోన్‌కు ఎత్తు చాలని చోట ఇది బాగా పనికొస్తుంది. ఏది పెట్టినా కింది డ్రమ్ములోకి గాలి చొరబడకూడదు. సన్నని సందు ఉన్నా లోపలికి దూరిన గాలి పడిన పొట్టును మళ్ళీ లేపి ఫిల్టరుకు తోలుతుంది. సైక్లోన్ పనిచేయడం లేదని తిట్టుకునే ముందు మూత రబ్బరు చూసుకోవాలి.

ఇక పైపులు. అసలు విద్య ఇక్కడుంది. నిలువు పైపులో పొట్టు కిందికి జారకుండా పోవాలంటే గాలి సెకనుకు ఇరవై మీటర్ల వేగంతో, అంటే గంటకు డెబ్బై కిలోమీటర్ల పైచిలుకుతో నడవాలి. ఆ వేగంతో నాలుగంగుళాల పైపులో నిమిషానికి 350 ఘనపుటడుగులు పోతాయి, ఆరంగుళాల పైపులో 785. అందుకే తెలిసినవాళ్ళు ఆరంగుళాల పైపు యంత్రం నోటిదాకా తెస్తారు. చివర్లో నాలుగుకు దించితే ముందు వేసిన ఆరు వృథా. అలాగని చిన్న మోటారుకు పెద్ద పైపు వేస్తే వేగం పడిపోయి పొట్టు దారిలోనే మేట వేస్తుంది. మోటారు, పైపు ఒకదానికొకటి సరితూగాలి. తొంభై డిగ్రీల మలుపు ఒకేచోట తిప్పే బదులు నలభై అయిదు డిగ్రీల బెండ్లు రెండు, మధ్యలో కొంత తిన్నని ముక్క వేయాలి. కొమ్మ చీలేచోట టీ కాదు, వై. ముడతల ఫ్లెక్స్ హోస్ నున్నటి పైపుకు మూడింతలు గాలిని అడ్డుకుంటుంది కాబట్టి మూరెడు దాటకుండా చూసుకోవాలి. ప్రతి కొమ్మకూ గాలిని ఆపే తలుపు, అంటే ఒక బ్లాస్ట్ గేటు, ఒకసారి ఒక్కటే తెరవాలి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంట్లో చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నవాళ్ళకు ఈ సరంజామా అంతా శానిటరీ షాపులోనే దొరుకుతుంది. బాత్రూముల కోసం అమ్మే ఎస్‌డబ్ల్యూఆర్ పైపుల్లో 110 మిల్లీమీటర్లది నాలుగంగుళాలకు, 160ది ఆరుకు దగ్గర. వైలు, నలభై అయిదు బెండ్లు అక్కడే ఉంటాయి. సొల్యూషన్ పూసి అతికించవద్దు. రబ్బరు రింగో అల్యూమినియం టేపో చాలు, రేపు యంత్రం జరిపితే పైపు విప్పుకోవచ్చు. మోటారుకు ప్రత్యేకంగా ఒక కరెంటు లైను లాగించాలి. ప్లాస్టిక్ పైపులో స్థిర విద్యుత్తు పుట్టి ధూళి పేలుతుందని ఒక భయం ఉంది. పేలాలంటే ఘనపు మీటరుకు పదుల గ్రాముల ధూళి మేఘంలా నిలవాలి, ఇంటి పైపులో గాలి ముందు పొట్టు అంత చేరదు. చురుక్కుమనే షాకు తగిలితే బయటనుంచి ఒక తీగ చుట్టి ఎర్త్ చేస్తే పోతుంది. నిజంగా భయపడాల్సింది పొట్టుతో పాటు లాగబడిన మేకు ఫ్యాన్ రెక్కకు తగిలి రేపే నిప్పురవ్వకు. అది డ్రమ్ములో పడి గంటల తరబడి రాజుకుంటుంది.

ఎంత గాలి ఉన్నా పొట్టు పుట్టేచోట నోరు సరిగా లేకపోతే లాభం లేదు. పది అంగుళాల రంపపు చక్రం నిమిషానికి నాలుగు వేల సార్లు తిరిగితే దాని పళ్ళు గంటకు నూట తొంభై కిలోమీటర్ల వేగంతో పోతాయి. ఆ వేగంతో విసిరిన ధూళిని వెంటాడి పట్టడం ఏ ఫ్యాన్ వల్లా కాదు, దాని దారికి నోరు అడ్డం పెట్టాలి. టేబుల్ సాలో కింది డబ్బాకు పైపు పెట్టి ఊరుకుంటారు. పంటి వెంట పైకొచ్చే ధూళి మాత్రం నేరుగా మన మొహానికే వస్తుంది, అందుకని చక్రం పైన గార్డుకు కూడా ఒక గొట్టం కావాలి. మైటర్ సా అన్నిటికన్నా మొండిది, వెనక్కి విసనకర్రలా చిమ్ముతుంది. వెనక వెడల్పుగా ఒక పెట్టె కట్టడమే దారి. వింతగా, అన్నిటికంటే సన్న ధూళి చేసే శాండరే సులువుగా లొంగుతుంది. రంధ్రాల ప్యాడ్‌కు వాక్ తగిలించి, వల అల్లికలా ఉండే ఇసుకకాగితం వేస్తే చెయ్యి పెట్టి తుడిచినా దుమ్ము అంటదు. డబ్బు తక్కువున్నవాళ్ళు ఇక్కడే మొదలుపెట్టాలి.

గాలి చివరికి ఎక్కడికి పోతుందన్నది మిగిలింది. వీలైతే బయటికి వదలడం అన్నిటికన్నా మేలు. అమెరికా గరాజ్‌లో ఒక చిక్కుంది, గ్యాస్‌తో నడిచే వాటర్ హీటర్ చాలా ఇళ్ళలో అక్కడే ఉంటుంది. గదిలో గాలి అంతా బయటికి తోడేస్తే హీటర్ పొగ గొట్టం తిరగబడి కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. తలుపు కింద గాలి రావడానికి దారి ఉంచుకోవాలి. లోపలే తిప్పాలనుకుంటే ఫిల్టరు సన్నదై ఉండాలి. పాతకాలపు గుడ్డ సంచీలు ముప్పై మైక్రాన్లకు కిందివాటిని గదిలోకే ఊదేవి. అలాంటి కలెక్టర్ ఉండటం కంటే లేకపోవడం నయం, కనీసం దుమ్ము నేలమీదైనా ఉంటుంది. మన దగ్గర ఈ వ్యవస్థ చాలా అవసరమైన చోటు సొంత వర్క్‌షాపు కాదు, ఇంటీరియర్ పని జరుగుతున్న అపార్ట్‌మెంట్ ఫ్లాటు. మూసిన కిటికీల మధ్య ప్లైవుడ్‌ను కట్టర్‌తో రోజంతా కోసే కార్పెంటరుకు మొహానికి చేతిరుమాలు తప్ప ఏమీ ఉండదు. ఇంటి యజమాని ఖర్చులో ఒక చిన్న వాక్, ఒక ఎన్95 మాస్కుల పెట్టె పెద్ద లెక్కేమీ కాదు.

డ్రమ్ము నిండాక ఖాళీ చేయడం కూడా పనే. మూత తీయగానే అంతసేపూ పట్టినదంతా ఒక్క ఊపున లేస్తుంది కాబట్టి మాస్కు పెట్టుకునే తీయాలి, వీలైతే బయటికి తీసుకెళ్ళి సంచీలోకి వంపాలి. ఒకప్పుడు మన ఇళ్ళల్లో కోతమిల్లు నుంచి గోనెల్లో పొట్టు తెచ్చి, పొట్టు పొయ్యిలో నడుమ కర్ర నిలబెట్టి కూరి, కర్ర లాగేసి వెలిగిస్తే పూటంతా నిదానంగా రగిలేది. అచ్చమైన కలప పొట్టుకు ఆ వాడుక ఇంకా చెల్లుతుంది. ప్లైవుడ్, ఎండీఎఫ్ పొట్టును మాత్రం పొయ్యిలో వేయకూడదు, మొక్కలకూ వేయకూడదు, వాటి జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. బ్లాక్ వాల్‌నట్ పొట్టును గుర్రాల కింద పరిస్తే వాటి గిట్టలు వాస్తాయి. ఆ చెట్టు అమెరికాది, మన గుర్రాలకు ఆ బెంగ లేదు.